నడిచే దోవకి తారెందుకు?

మొన్నామధ్య న్యూజెర్సీలో ఉన్న మిత్రుడొకడు ఫోటోలు పంపించాడు. బేర్ మౌంటెన్ మీద ఒక చెట్టు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చెట్టు మొద్దు మీద తెల్ల రంగుతో నిలువుగా ఒక పట్టీ. "ఇది అపలాచియన్ ట్రెయిల్ రా. ఈ తెల్ల పట్టీలు చూసుకుంటూ పోతే జార్జియా దాకా నడిచి పోవచ్చు" అని కింద రాశాడు. అంతటితో ఊరుకుని ఉంటే నేనూ ఒక లైకు కొట్టి నా పని నేను చూసుకునేవాణ్ణి. "మన వైపు ఇట్లాంటివి ఎందుకుండవో ఏమో" అని ఒక నిట్టూర్పు కూడా తగిలించాడు. వాడిది రాజంపేట!

ఉంది నాయనా, ఉంది. మీ ఊరి పక్కనించే ఉంది. తాళ్ళపాకలో బయల్దేరి, రైల్వే కోడూరు దాటి, కుక్కలదొడ్డి దగ్గర తిరుపతి రోడ్డుకి కుడి పక్కన అడవిలోకి తిరిగి, శేషాచలం కొండలెక్కి తిరుమలలో తేలే కాలిదోవ. ఒక్క అడవి భాగమే ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. జనం దాన్ని అన్నమయ్య మార్గం అంటారు. అలిపిరి మెట్లు అందరికీ తెలుసు, శ్రీవారి మెట్టు చాలామందికి తెలుసు. ఈ మూడోది కడప వైపు వాళ్ళకి తప్ప పెద్దగా ఎవరికీ పట్టలేదు. మెట్లు లేవు, పైన కప్పు లేదు, టోకెన్ ఇచ్చే కౌంటర్ లేదు. రాజంపేట వైపు నుంచి భక్తులు గుంపుగా, అనుమతి తీసుకుని ఏటా నడుస్తారు. నేనూ ఒకసారి ఆ గుంపుకి తోకలా వెనక వెనక నడిచాను.

ఈ దోవకి మనవాళ్ళకి రెండే భవిష్యత్తులు తోస్తున్నాయి. ఒకటి, తారు పోసి ఘాట్ రోడ్డు చెయ్యడం. రెండు, గేటు పెట్టి తాళం వెయ్యడం. దీన్ని దోవగానే ఉంచి, చట్టప్రకారం, లెక్క ప్రకారం మనుషుల్ని నడవనివ్వడమనే మూడో దారి గురించి మాట్లాడేవాళ్ళు నాకు కనబడ్డం లేదు. అందుకని నేను మాట్లాడుతున్నా. కోపంగానే మాట్లాడుతున్నా, ముందే చెప్పేస్తున్నా.

ముందు ఒక అభ్యంతరం తీర్చేస్తాను, లేకపోతే ఎవరో ఒకరు లేవదీస్తారు. "అన్నమయ్య నిజంగా ఈ దోవలోనే నడిచాడా?" అని. అన్నమయ్య పుట్టింది 1408లో తాళ్ళపాకలో, పోయింది 1503లో. ఆయన మనవడు చిన్నన్న ద్విపదలో రాసిన చరిత్ర ప్రకారం పిల్లాడు ఇల్లు వదిలి యాత్రికులతో కలిసి వచ్చి, చెప్పులతో కొండెక్కుతూ ఆకలికి సొమ్మసిల్లి పడిపోతాడు. అది జరిగింది మోకాళ్ళ పర్వతం దగ్గరని అంటారు, అదేమో అలిపిరి వైపు ఉంది. కాబట్టి ఫలానా బండ మీద అన్నమయ్య కూర్చున్నాడని నేను అనను, అనాల్సిన అవసరమూ లేదు. కొండకి ఆ పక్కన ఉన్న ఊళ్ళవాళ్ళు ఈ పక్క దాకా చుట్టు తిరిగి రాకుండా అడ్డంగా అడవిలోంచి వచ్చేవాళ్ళు. ఈ దోవ విలువ అదీ. అన్నమయ్య పేరు వాళ్ళందరి తరఫున పెట్టుకున్న పేరనుకోండి.

కొండ కింది దారి సంగతికొస్తే దానికి రాతపూర్వకమైన సాక్షి ఉన్నాడు. ఏనుగుల వీరాస్వామి. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీ. 1830 మే 18న మద్రాసులో బయల్దేరి, తిరుపతి, ఒంటిమిట్ట, కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా కాశీ దాకా పోయి, 1831 సెప్టెంబర్లో తిరిగొచ్చాడు. పోయిన ప్రతి మజిలీ గురించి రాసుకున్నాడు: ఊరికీ ఊరికీ ఎంత దూరం, నీళ్ళు ఎట్లా ఉన్నాయి, దిగడానికి వసతి ఉందా, సరుకులు దొరుకుతాయా. అవన్నీ మిత్రుడికి ఉత్తరాలుగా పంపితే, తర్వాత కాశీయాత్ర చరిత్ర అని పుస్తకమైంది. నా లెక్కలో తెలుగులో మొదటి ట్రావెల్ బ్లాగరు ఆయనే. (పల్లకీలో పోయాడు లెండి, నడిచింది బోయీలు. వాళ్ళు బ్లాగు రాయలేదు.) అపలాచియన్ ట్రెయిల్ అనే ఆలోచనని బెంటన్ మెకాయ్ కాగితం మీద పెట్టింది 1921లో. మా వాడు ఫోటో దిగిన బేర్ మౌంటెన్ ముక్క తెరిచింది 1923లో. మొత్తం దాదాపు 3,500 కిలోమీటర్లు కలిసింది 1937లో. వాళ్ళు కొత్తగా గీసుకున్న గీతని వందేళ్ళుగా కాపాడుకుంటున్నారు. మన గీత పాతది, దాన్ని మనం చెరిపేసుకుంటున్నాం.

ఇంక ఆ కొండల్లో ఏముందో చెప్పాలి. ఇది చెప్పకపోతే "రోడ్డేస్తే ఏం పోయింది" అనేవాళ్ళకి జవాబు ఉండదు.

ఘాట్ రోడ్డులో బస్సు కిటికీ పక్కన కూర్చున్నప్పుడు రాతిగోడని చూడండి. కింద గ్రానైటు, దాని మీద పొరలు పొరలుగా క్వార్ట్‌జైటు. రెంటికీ మధ్య ఒక హద్దు. ఆ హద్దు దగ్గర సుమారు 80 కోట్ల ఏళ్ళ చరిత్ర గల్లంతు. భూగర్భ శాస్త్రంలో దీన్ని ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అంటారు. జియలాజికల్ సర్వే వాళ్ళు జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించారు, పైనున్న శిలాతోరణం కూడా ఆ జాబితాలోదే. మన లాగ్ ఫైల్లో రెండు గంటలు కనబడకపోతే కొంపలంటుకుపోయినట్టు అర్ధరాత్రి కాల్ పెడతారు. ఇక్కడ 80 కోట్ల ఏళ్ళ లాగ్ పోయింది, పక్కనించి రోజూ వేలమంది పోతున్నారు, చూసేవాళ్ళు పదిమంది ఉంటారా? బస్సులో ఆ గోడ ఐదు సెకన్లు. నడిచేవాడికి మాత్రమే రాయి రంగు మారడం పాదాల కింద తెలుస్తుంది.

రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ అని మద్రాసు అటవీ శాఖలో ఒక అధికారి ఉండేవాడు. ఆయన 1870లో తిరుపతి కొండల నుంచి ఒక బల్లిని వర్ణించాడు. అదే బంగారు బల్లి. ఆ తర్వాత వందేళ్ళకి పైగా దాని జాడ ఎవరికీ పెద్దగా తెలియలేదు, మళ్ళీ 1980లలో తిరుమల కొండల్లోనే దొరికింది. రాతి చీలికల్లో, నీటి తడి ఉన్న చోట ఉంటుంది. ఆయన పేరే పెట్టుకున్న సైకస్ బెడ్డోమీ, మనవాళ్ళు పేరిత అని, మదనకామాక్షి అని అంటారు, ప్రపంచం మొత్తం మీద ఈ కొండల చుట్టుపక్కల తప్ప సహజంగా పెరగదు. డైనోసార్ల కాలం నాటి వంశం. అంతర్జాతీయ వ్యాపారం పూర్తిగా నిషేధించిన జాబితాలో ఉంది. ఎర్రచందనం సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. జాలరి, సాంబ్రాణి, మొగి నేరేడు, రాత్రిపూట పెద్ద పెద్ద కళ్ళేసుకుని చూసే దేవాంగ పిల్లి... 1989లో శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు అన్నారు, 2010లో శేషాచలం బయోస్ఫియర్ రిజర్వ్ అన్నారు, 4,755 చదరపు కిలోమీటర్లు. ఊరికే అనలేదు.

ఇప్పుడు తారు సంగతి. కొండకి మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది. రెండోది 1970లలో. 2021 నవంబర్ వానలకి శ్రీవారి మెట్టు దోవ కొట్టుకుపోయింది, బాగు చేసి మళ్ళీ తెరిచేటప్పటికి 2022 మే వచ్చింది. అదే 2021 డిసెంబర్ 1న రెండో ఘాట్ రోడ్డు మీద బండరాళ్ళు విరిగిపడి రోడ్డు ధ్వంసమైంది. దాంతో అదే నెలలో టీటీడీ పాలకమండలి నుంచి అన్నమయ్య మార్గాన్ని అభివృద్ధి చేస్తాం, ప్రత్యామ్నాయ దారి చేస్తాం, మూడో ఘాట్ రోడ్డు అన్న మాటలు వచ్చాయి.

ఒక్క నిమిషం ఆలోచించండి. కొండ పక్కన కోసి రోడ్డు వేశాం, భారీ వానలకి ఆ కోత మీద రాళ్ళు పడ్డాయి. దానికి పరిష్కారం, ఇంకో పక్క కూడా కొండని కోద్దామని! ప్రొడక్షన్లో ఒక సర్వర్ ఓవర్‌లోడ్ అయి పడిపోతే, అదే బగ్ ఉన్న కోడ్‌ని ఇంకో సర్వర్లో పెట్టేవాణ్ణి మనం ఏమంటాం? మూడో రోడ్డు వస్తే కొండ మీదికి బళ్ళు తగ్గవు, పెరుగుతాయి. పైన స్థలం పెరగదు, నీళ్ళు పెరగవు. అత్యవసరానికి ఇంకో దారి కావాలన్న వాదనని నేను కొట్టిపారెయ్యను. ఉన్న రెండు రోడ్లలో కొండచరియలు జారే చోట్ల గట్టి చెయ్యడం, బళ్ళ సంఖ్యకి పరిమితి పెట్టడం ముందు చెయ్యండి. అవి చేశాక కూడా చాలకపోతే అప్పుడు మాట్లాడుకుందాం. అన్నమయ్యకి 600 ఏళ్ళయిన సందర్భంలో రాజంపేట దగ్గర 108 అడుగుల విగ్రహం పెట్టుకున్నాం. ఆయన పేరున్న దోవకి మాత్రం పొక్లెయిన్ పంపిస్తామంటున్నాం.

సరే, తారు వద్దు. మరి తాళం?

తాళం వెయ్యాలనే వాళ్ళ దగ్గర గట్టి కారణాలున్నాయి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక ఆరేళ్ళ పాపని చంపేసింది. అదీ వేలమంది నడిచే, దీపాలున్న మెట్లదారిలో. తర్వాత పిల్లలతో వచ్చేవాళ్ళకి వేళలు పెట్టారు, భక్తుల చేతికి కర్రలు ఇచ్చారు, మనవాళ్ళు వాటి మీద బోలెడన్ని జోకులు వేసుకున్నారు. నేనూ నవ్వాను, ఆ పాప ఫోటో పేపర్లో చూసేదాకా. 2025 ఫిబ్రవరిలో, శివరాత్రి ముందు, వై.కోట వైపు నుంచి అడవిలో పడి తలకోనకి నడిచిపోతున్న భక్తుల మీద గుండాలకోన దగ్గర ఏనుగులు దాడి చేసి ప్రాణాలు తీశాయి. ఈ రెండూ తెలిసి కూడా "అడవిలో నడుద్దాం రండి" అని ఉత్సాహంగా రాసేవాడు మూర్ఖుడు.

కానీ గుండాలకోన సంఘటనని ఇంకోసారి చదవండి. వాళ్ళు ట్రెక్కింగ్ బూట్లేసుకున్న టూరిస్టులు కారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు. వాళ్ళకి అది శివరాత్రి దోవ. వాళ్ళు మీ తాళం చూసి ఆగలేదు, ఆగరు. ఆ రాత్రి ఏనుగులు ఏ పక్కన ఉన్నాయో తెలిసిన మనిషి ఒకడు వాళ్ళ ముందు నడుస్తూ ఉంటే, లేదా "ఇవాళ పోవద్దు" అని ఊళ్ళోనే ఆపి ఉంటే? నడక ఎట్లాగూ ఉంది. దానికి ఒక పద్ధతి లేదు. మనుషులు చచ్చిపోతున్నది ఆ సందులో.

తాళం వేసిన అడవి ఖాళీగా ఉంటుందనుకోవడం కూడా భ్రమే. 2015 ఏప్రిల్ 7న, శ్రీవారి మెట్టుకి దగ్గర్లోని అడవిలో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. ఎర్రచందనం కొట్టడానికి తమిళనాడు నుంచి వచ్చిన కూలీలు. ఎదురుకాల్పులని ఒకరు, పట్టుకుని చంపారని ఒకరు. నేను ఇక్కడ తీర్పు చెప్పబోవడం లేదు. మామూలు మనుషులు నడవని అడవిలో దుంగలు మోసేవాడు, వాణ్ణి వెతికేవాడు మాత్రమే మిగులుతారు. అక్కడ ఏం జరిగిందో చూసి చెప్పేవాడు ఉండడు. రోజూ నలభై మంది పేర్లు రాయించుకుని పొద్దున ఒక చోట ఎక్కి సాయంత్రం ఇంకో చోట దిగే దోవలో దుంగలు మొయ్యడం కష్టం. స్మగ్లింగ్ మొత్తం దీంతో ఆగిపోతుందని కాదు. కనీసం ఆ దోవ పొడుగునా కొన్ని జతల కళ్ళు ఉంటాయి.

మన సంగతి కూడా మాట్లాడుకోవాలి, అందర్నీ తిట్టి మనల్ని వదిలేస్తే ఎట్లా? శని ఆదివారాలు చెన్నై నుంచి, బెంగుళూరు నుంచి నాగలాపురం కోనలకి, తడ దగ్గర ఉబ్బలమడుగుకి పోయే గుంపుల్లో సగం మనవాళ్ళే. నేనూ పోయాను. టీమ్ అవుటింగ్ అని పేరు. నీటి గుండాల పక్కన బీరు సీసా పెంకులు, బిర్యానీ పొట్లాలు, బ్లూటూత్ స్పీకరు. ఈత రాకుండా దూకి చచ్చిపోయిన పిల్లల వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. 2018 మార్చిలో తేని జిల్లా కురంగణిలో అడవి మంటల్లో చిక్కుకుని ఇరవై మందికి పైగా ట్రెక్కర్లు పోయారు. మనల్ని చూసి అటవీ శాఖవాళ్ళు భయపడ్డారంటే తప్పు పూర్తిగా వాళ్ళది కాదు. ఇదే మనుషులు అమెరికా పోగానే అరటి తొక్క కూడా జేబులో పెట్టుకుని కిందికి తెస్తారు. అదేం మహిమో!

మరి ఏం చెయ్యమంటావ్ అంటారా? కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. పెరూలో మాచు పిచ్చుకి పోయే ఇంకా ట్రెయిల్‌లో మోతగాళ్ళతో సహా రోజుకి 500 మందికే అనుమతి. లైసెన్సు ఉన్న గైడు లేకుండా అడుగు పెట్టనివ్వరు. ఏటా ఫిబ్రవరి నెలంతా మూసేసి దోవ బాగు చేసుకుంటారు. జపాన్లో కుమనో కోడో అని గుళ్ళకి పోయే పాత అడవి దోవ ఉంది, 2004లో యునెస్కో జాబితాకెక్కింది. అందులో 500 మీటర్లకొక అంకె వేసిన గుర్తు పాతారు, ఎవరికైనా కాలు విరిగితే ఎన్నో నంబరు దగ్గరున్నాడో చెప్తే చాలు. అక్కడా భక్తులున్నారు, అక్కడా ట్రెక్కర్లున్నారు, ఒకరి వల్ల ఒకరు మైలపడిపోలేదు.

మన దగ్గర సంఖ్య ఇంకా తక్కువ పెట్టండి. రోజుకి యాభై. పది మందికొక గైడు. అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య దాకా వానలు, మార్చి నుంచి మంటల భయం, కాబట్టి డిసెంబర్ చివర్నించి ఫిబ్రవరి చివరిదాకా మాత్రమే తెరవండి. పొద్దున ఎనిమిది తర్వాత అడవిలోకి ఎవర్నీ వదలొద్దు. ఏనుగులు ఆ పక్కకొస్తే ఆ వారం బంద్, డబ్బులు వాపసు. ప్లాస్టిక్ లెక్కపెట్టి లోపలికి పంపి, లెక్కపెట్టి బయటికి తీసుకోండి. రోడ్డుకి పెట్టే ఖర్చులో ఇది ఏ మూలకి?

గైడులు ఎవరంటే, యానాదులు. కొండ చుట్టూ ఉన్న ఊళ్ళలో వాళ్ళున్నారు. తేనె, దుంపలు, మందు చెట్లు, పాము కాట్లు, నీటి చెలమలు, ఈ విద్యలన్నీ వాళ్ళ దగ్గర ఉన్నాయి, బతుకుతెరువు మాత్రం లేదు. శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం పెట్టినప్పుడు అడవిలోంచి బయటికి పంపింది కూడా వాళ్ళనే. వాళ్ళకి యూనిఫాం, నెల జీతం, బీమా ఇచ్చి దోవ మీద పెట్టండి. తలకోనలో నేరబైలు వన సంరక్షణ సమితివాళ్ళు పర్యాటకం నడపలేదా? లోపాలు ఉండొచ్చు, నడిపారు కదా. ఆ తలకోన దాకానే ఈ దోవని కలిపితే తాళ్ళపాక, తిరుమల, తలకోన... నాలుగు రోజుల నడక అవుతుంది. దేశంలో ఇంకెక్కడా ఇట్లాంటిది ఉంటుందని నేను అనుకోను.

"పుణ్యక్షేత్రానికి పోయే దోవని పిక్నిక్ చేస్తావా" అని మా మేనమామ కోప్పడ్డాడు. మామా, యాభై మందీ గోవింద నామం చెప్పుకుంటూ పోయినా నాకేం అభ్యంతరం లేదు. నడవడానికి పేరు యాత్ర అని పెడతావో ట్రెక్ అని పెడతావో నీ ఇష్టం. తుంబురు తీర్థం ముక్కోటి నాడు అడవిలోంచి నడిచే జనంలో నీకు రెండు రకాలూ కనబడతారు. గట్టిగా శరణాలు చెప్పేవాడూ ఉంటాడు, సెల్ఫీలు దిగేవాడూ ఉంటాడు, ఒక్కోసారి ఇద్దరూ ఒకడే.

ఇదంతా ఊరికే కూర్చుని రాయడం లేదు. పోయినేడు సెలవు పెట్టుకుని ఒక ఆఫీసుకి పోయి, ఆ దోవలో పదిమందిమి నడవడానికి అనుమతి ఎట్లా తీసుకోవాలని అడిగాను. ఈ పని మాది కాదు, ఇంకో ఆఫీసు అన్నారు. ఆ ఆఫీసులో దీనికి ఫారం లేదన్నారు. అర్జీ రాసిచ్చాను. అక్కడ కూర్చున్నాయన పెద్దాయన, మర్యాదగానే మాట్లాడాడు. అర్జీ మొత్తం చదివి, కళ్ళద్దాలు తీసి, "ఏం బాబూ, తిరుపతి నుంచి రెండు నిమిషాలకొక బస్సుంది కదా, యాడికని నడుస్తావు?" అన్నాడు. జవాబు ఇంకా రాలేదు.

ఆ గుంపులో నడిచిన రోజు మా ముందు నడిచిన ముసలాయనకి డెబ్బై పైన ఉంటాయి, కుక్కలదొడ్డి వైపు మనిషి. ఏ బండ కింద ఏ నెల దాకా నీళ్ళుంటాయో, ఏ వాగు దాటాక దోవ రెండుగా చీలుతుందో, ఎలుగుబంటి ఎక్కడ తిరుగుతుందో చెప్పుకుంటూ పోయాడు. "మీ వాళ్ళలో ఇంకెవరికి తెలుసు తాతా ఇవన్నీ?" అంటే వేళ్ళు లెక్కపెట్టి ఒక చేతి దగ్గరే ఆగిపోయాడు. కొడుకు రేణిగుంట దగ్గర ఫ్యాక్టరీలో సెక్యూరిటీ అట. డాక్యుమెంటేషన్ లేని పాత సిస్టమ్‌ని రిటైర్ కాబోయే ఒకే ఒక్క మనిషి నడుపుతుంటే మన మేనేజర్లకి నిద్ర పట్టదు కదా, నాకు ఆ రాత్రి అట్లాగే అయింది. ఆయన చెప్పినవన్నీ బస్సులో కూర్చుని నోటుబుక్కులో రాసుకున్నాను, వీరాస్వామి రాసుకున్నట్టే, నీళ్ళు ఎక్కడ, నీడ ఎక్కడ అని. ఆ బుక్కు కాపీ అర్జీకి జతచేసి ఇచ్చాను.

ఆ రోజు నా ఫోన్లో జీపీఎస్ ఆన్‌లోనే ఉంది. ట్రాక్ పెట్టమని ఎవరూ అడక్కండి. దుంగలు మోసేవాళ్ళు కూడా నెట్ చూస్తారు.